పెట్రోలు, కరెంటు, మధ్యలో అమ్మ

తెలియని విషయం గురించి తెలిసినట్టు మాట్లాడే విద్య మగవాళ్ళకి లేకపోతే, సగం ఇళ్ళల్లో భోజనాల బల్ల దగ్గర చప్పుడే ఉండేది కాదు. మా ఇంట్లో ఆ ఇబ్బంది ఎన్నడూ రాలేదు. మా ఆయనకీ, మా చెల్లెలి మొగుడికీ తెలియని విషయాలు అన్ని ఉన్నాయి మరి.

మా ఇల్లూ, చెల్లెలి ఇల్లూ వీపులు చూసుకుంటూ ఉంటాయి. రెండిళ్ళ పెరటి గుమ్మాలూ ఎదురెదురు. మధ్యలో గోడ లేదు, కంచె లేదు, ఒకటే పచ్చిక. ఆ పచ్చికని ఆదివారం ఆదివారం కోసేది నేను. తోస్తే తిరిగే పాత చేతి మిషను ఒకటి ఉండేది, దాంతో కోసేదాన్ని. ఇన్నేళ్ళలో ఈ మగవాళ్ళిద్దరిలో ఒక్కరైనా "ఈ గడ్డి ఎలా పొట్టిగా ఉంటోంది?" అని అడిగిన పాపాన పోలేదు. జుట్టు రాలినట్టు దానంతటదే రాలుతుందనుకున్నారేమో.

ఒక ఆదివారం ఆ మిషను పిడి ఊడి నా చేతికొచ్చింది. మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, "గడ్డి మిషను పోయింది, ఇంకోటి కొనాలి" అన్నాను. ఆ ఒక్క మాట చాలింది.

"కొంటే పెట్రోలుదే కొనాలి," అన్నారు మా ఆయన, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆపి.

"పెట్రోలా? ఈ రోజుల్లోనా? కరెంటుది అన్నయ్యా, కరెంటుది," అన్నాడు మా మరిది.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాడు చేసే తప్పుకి తను బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అంతే, ఎవరు ఏ పని మొదలుపెట్టినా ఆయన కాలు బ్రేకు మీదే ఉంటుంది. మా మరిది కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు అమ్ముతాడు. కళ్ళు పరీక్ష చేసేది వేరే ఆవిడ. ఇతను అద్దం పట్టుకుని "మీ ముఖానికి ఇదే నప్పుతుందండీ" అంటాడు. అలా అని అని, ప్రపంచంలో ఏది దేనికి నప్పుతుందో తనకి తెలుసని నమ్మకం కుదిరింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ మా బుర్రలు తిన్నారు. పెట్రోలు మిషనుకి బలం ఉంటుందని ఈయన. అది మోయడానికి కూడా బలం ఉండాలని అతను. తడి గడ్డి అయినా, మందపు గడ్డి అయినా పెట్రోలుది ఆగదని ఈయన. దానికి ఆయిలు మార్చాలి, ప్లగ్గు తుడవాలి, వాడకుండా వదిలేస్తే ట్యాంకులో పెట్రోలు చెడిపోయి మొరాయిస్తుందని అతను. కరెంటు మిషను తీగ ఎంతవరకు వస్తే అంతవరకే కోత, కట్టేసిన మేకకీ దానికీ తేడా ఏముందని ఈయన. పొగ రాదు, కంపు కొట్టదు, బటన్ నొక్కితే చాలు, పసిపిల్ల పక్కన పడుకున్నా లేవదని అతను.

"చప్పుడు లేనిది మిషనేమిటయ్యా? ఇంజిన్ అన్నాక గర్జించాలి," అన్నారు మా ఆయన.

"గర్జించడానికి అది సింహమా అన్నయ్యా? గడ్డి తినేదేగా," అన్నాడు మరిది. అతని నోటి నుంచి ఏడాదికొక మంచి మాట వస్తుంది. ఆ ఏడాదికి అది అయిపోయింది.

మీకు ఏది కావాలని నన్ను అడిగినవాళ్ళు లేరు. కోసేదాన్ని నేనే కదా, అందుకని అడగలేదు.

ఈ రభసంతా వింటూ బల్ల చివర అమ్మ కూర్చుని ఉండేది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. కదిలే బస్సులో, కిక్కిరిసిన జనంలో, ఏ కడ్డీనీ పట్టుకోకుండా ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిచిన మనిషి. ఆ సంగతి ఆవిడకి గర్వం. "నేను దేన్నీ పట్టుకోలేదే, ఒక్కసారీ పట్టుకోలేదు" అని ఇప్పటికీ చెబుతుంది. నాన్న పోయాక మా ఇంట్లో ఉంటోంది.

అమ్మకి కళ్ళు కనబడవు. ఈ సంగతి అప్పటికి ముగ్గురికే తెలుసు: అమ్మకి, నాకు, కంటి డాక్టరుకి. కంటి నరం ఎండిపోతోంది, అద్దాలతో అయ్యే పని కాదు అని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఇప్పుడు వెలుగేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. అయినా మా మరిది ఏడాదికోసారి కొత్త జోడు తెచ్చి పెడతాడు. అమ్మ పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పి, "బ్రహ్మాండంగా ఉంది నాయనా" అంటుంది. అతను పొంగిపోయి, "చూశారా వదినా, ఆ ఫ్రేము పడ్డాక అత్తయ్యగారి చూపే మారిపోయింది" అని ఊరంతా చెప్పుకుంటాడు. కళ్ళ దుకాణంలో పనిచేసే అల్లుడికి అత్తగారి కళ్ళు పోయిన సంగతి తెలియకపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. దానికి చాలా నిష్ఠ కావాలి.

ఎందుకు దాచడం అంటారా? చెల్లెలి వల్ల. మా చెల్లెలు ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. తుంటి విరిగి వచ్చిన ముసలమ్మల్ని రోజూ చూస్తుంది. వాళ్ళలో ఎందరు మళ్ళీ లేచి నడిచారో, ఎందరు నడవలేదో దానికి తెలుసు. దాని భయం ఊరికే పుట్టింది కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అది ఎప్పుడో తేల్చి చెప్పేసింది: "అమ్మకి చూపు తగ్గిందని తెలిసిన రోజున మా ముందు గదిలోకి తెచ్చేసుకుంటా. మంచానికి కడ్డీలు పెట్టిస్తా. నా చెయ్యి పట్టుకోకుండా బాత్రూముకి కూడా వెళ్ళనివ్వను." ఆ మాటలు విన్న రాత్రి అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "కడ్డీల మంచం కంటే నన్ను కాటికి పంపెయ్యవే," అంది.

అమ్మకి మిగిలిన ప్రయాణం ఒక్కటే. సాయంత్రం టీ వేళకి మా గుమ్మం దిగి, పచ్చిక దాటి, చెల్లెలి గుమ్మం ఎక్కుతుంది. అక్కడ టీ తాగి తిరిగొస్తుంది. ఒక్కర్తే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఇళ్ళల్లో సామాన్లన్నీ ఆవిడ చేతులకి కంఠతా వచ్చు కాబట్టి చిక్కు లేదు. బయట మాత్రం ఆవిడకి దారి చూపించేది గడ్డి.

ఆ ఉపాయం అమ్మదే. నేను గడ్డి కోసేటప్పుడు మా మెట్టు నుంచి చెల్లెలి మెట్టు దాకా మధ్యలో ఒక పట్టీ కొయ్యకుండా వదిలేసేదాన్ని. రెండు జానల వెడల్పు ఉంటుంది, మోకాటి కిందదాకా పెరుగుతుంది. అమ్మ చెప్పులు విడిచి దిగుతుంది. కుడి పాదం కోసిన గడ్డిలో వేస్తూ, ఎడమ కాలితో ఆ పెరిగిన గడ్డి అంచుని రాసుకుంటూ వెళుతుంది. వచ్చేటప్పుడు కుడి కాలికి రాసుకుంటుంది. చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. ఒక పెద్దావిడ సాయంత్రం పూట వట్టికాళ్ళతో షికారు చేస్తోంది అనుకుంటారు.

అల్లుళ్ళిద్దరూ ఆ పట్టీని నా బద్ధకం ఖాతాలో వేశారు. "మీ అక్క గడ్డి కోస్తే క్షురకుడు మధ్యలో లేచిపోయిన తలలా ఉంటుంది" అని మా ఆయన చెల్లెలితో అంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత కష్టమో ఆయనకి తెలియదు కాబట్టి ఆయన ఆరోగ్యంగా ఉన్నారు.

చివరికి వాదన తేలక ఇద్దరూ చెరొకటీ కొనేశారు. ఒక పచ్చిక, రెండు మిషన్లు. పెట్రోలుది ఎర్రగా, బరువుగా, పక్కింటి కుక్కలా కంపు కొడుతూ వచ్చింది. కరెంటుది ఆకుపచ్చగా, తేలిగ్గా, వెనకాల బారెడు పసుపు తీగ ఈడ్చుకుంటూ వచ్చింది. ఆదివారం పొద్దున పోటీ అన్నారు. ఎడమ సగం పెట్రోలు, కుడి సగం కరెంటు. ఎవరు నున్నగా కోస్తే వాళ్ళ మిషను ఉంటుంది, రెండోది అమ్మేస్తారు.

"తీర్పు చెప్పేదెవరు?" అంది చెల్లెలు.

"మీరిద్దరూ పనికిరారు, మొగుళ్ళ వైపు లాగుతారు," అన్నాడు మరిది. మా వైపు నుంచి వాళ్ళకి అంత భరోసా ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"అత్తయ్యగారు చెప్పాలి," అన్నారు మా ఆయన. "రోజూ వట్టికాళ్ళతో నడిచేది ఆవిడే. ఏ సగం మెత్తగా, సమంగా ఉందో ఆవిడ పాదానికే తెలియాలి."

నేను చటుక్కున అమ్మ వైపు చూశాను. అమ్మ మాత్రం నవ్వి, "అలాగే అల్లుడుగారూ, నడిచి చెబుతా" అంది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి కదా. పైగా పట్టీ ఉండగా ఆవిడకి భయం దేనికి?

శనివారం నాడే ఇద్దర్నీ నిలబెట్టి చెప్పాను. "నడిమి పట్టీ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. అది ఇటు సగానికీ అటు సగానికీ సరిహద్దు."

సరిహద్దు అనే మాట ఇద్దరికీ తెగ నచ్చింది. వెంటనే ఒప్పుకున్నారు. మా ఆయన నా తెలివిని మెచ్చుకున్నారు కూడా.

ఆదివారం పొద్దున మా ఆయన తాడు లాగడం మొదలుపెట్టారు. పెట్రోలు మిషనుకి ముందు ఒక రబ్బరు గుండీని నొక్కి, పిడి మీది కడ్డీని చేత్తో అదిమిపట్టి, తాడు లాగాలి. కడ్డీ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. ఆయన గుండీ మరిచిపోయి లాగారు, కడ్డీ మరిచిపోయి లాగారు, రెండూ గుర్తొచ్చేసరికి చెమటలు కక్కుతున్నారు. చివరికి అది భళ్ళున లేచి, వీధి చివర దాకా వినబడేలా అరిచింది. మరిది తన మిషను తీగని చెల్లెలి వంటింట్లోంచి లాక్కొచ్చి, బటన్ నొక్కి, "విన్నారా? ఏమీ వినబడలేదు కదా?" అని గర్వంగా అడిగాడు. ఎవరికీ అతని ప్రశ్న కూడా వినబడలేదు, పక్కన పెట్రోలుది అరుస్తోంది మరి.

కాసేపటికి చెల్లెలు వంటింట్లోంచి "అక్కా! అక్కా!" అని కేకేసింది. వెళ్ళి చూద్దును కదా, నేలంతా నీళ్ళు. వాళ్ళాయన మిషనుకి ప్లగ్గు దొరక్క ఫ్రిజ్‌ది పీకి పెట్టాడు, అదీ ముందు రోజు రాత్రే పెట్టి సిద్ధం చేసుకున్నాడట. పాలు విరిగాయి, మంచు కరిగి గచ్చు మీద పారుతోంది. కరెంటు మిషను ఖర్చు తక్కువ అని అతను చెప్పిన లెక్కల్లో ఈ పాలు లేవు. ఇద్దరం గుడ్డలు పట్టుకుని తుడవడం మొదలుపెట్టాం.

తుడుస్తుంటే బయట పెట్రోలు మిషను ఆగిపోయింది. మాటలు వినబడ్డాయి.

"నా వైపు అంచు వంకర ఉందంటావా? ఇదిగో, నాలుగు వేళ్ళు లోపలికి కోశా. ఇప్పుడు చెప్పు."

"అన్నయ్యా, మీరు లోపలికొస్తే నేను రానా? నేనూ నాలుగు వేళ్ళు."

"నువ్వు జానెడు వచ్చావు!"

"మీరు ముందు వచ్చారు!"

ఆ మాటలు నా బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. గుడ్డ అక్కడే పడేసి చెల్లెలి పెరటి గుమ్మంలోకి పరిగెత్తాను. పట్టీ లేదు. ఇటు నుంచి ఒకడూ అటు నుంచి ఒకడూ కొరుక్కుంటూ వచ్చి, సరిహద్దుని తినేశారు. పచ్చిక మొత్తం ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా బోర్లించిన పళ్ళెంలా నున్నగా ఉంది. నా జన్మలో అంత అందంగా కోసిన గడ్డి చూడలేదు, అంత అసహ్యం కూడా వేయలేదు.

అమ్మ అప్పటికే దిగిపోయింది.

అల్లుళ్ళిద్దరూ మా మెట్టు దగ్గర నిలబడి "వెళ్ళండత్తయ్యా, నడవండి" అని సాగనంపినట్టున్నారు. పట్టీ ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అనుకుంటూ అమ్మ సగం దూరం వచ్చి ఆగింది. ఎడమ పాదంతో గడ్డిని తడిమింది. ఏమీ తగల్లేదు. ఇంకొంచెం ఎడమకి జరిగి మళ్ళీ తడిమింది. అక్కడా పొట్టి గడ్డే. కుడికి తిరిగింది. ఆ తిరగడంలో ఎటు చూస్తోందో కూడా పోయింది. మా ఇద్దరి గుమ్మాలూ వదిలేసి, పక్కింటి గోడ వైపు ముఖం పెట్టి నిలబడింది. చేతులు ఒంటికి అంటించుకుని ఉంచింది కానీ వేళ్ళు కదులుతున్నాయి. అమ్మ వేళ్ళు అలా వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడ నుంచి మా ఆయన అరుస్తున్నారు. "చూడవయ్యా, ఎడమకి జరిగారు! నా వైపు!"

"ఆగండన్నయ్యా, మళ్ళీ కుడికి తిరిగారు! ఆలోచిస్తున్నారు!"

"ఎంత నిక్కచ్చిగా చూస్తున్నారో చూడు. ఊరికే అన్నానా ఆవిడే చెప్పాలని!"

ఇద్దరు మగవాళ్ళు, నాలుగు కళ్ళు. వాటిలో ఒక జత కళ్ళజోళ్ళ దుకాణానివి.

నా వెనక చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మేంటే అక్కా అలా నిలబడిపోయింది? కళ్ళు తిరుగుతున్నాయా?" అంటూ మెట్టు దిగబోయింది. అది వెళ్ళి చెయ్యి పట్టుకుంటే అమ్మ ముఖం చూస్తుంది. చూస్తే నర్సుకి తెలియదా? నేను గొంతెత్తి పిలిస్తే, "ఇటు రామ్మా" అంటే, ఎందుకు పిలవాల్సి వచ్చిందని అందరూ చూస్తారు.

చెల్లెలి మెట్టు పక్కనే మా ఆయన వదిలేసిన పెట్రోలు మిషను ఉంది. చెల్లెల్ని పక్కకి నెట్టి దాని మీద పడ్డాను. గుండీ నొక్కాను, కడ్డీ అదిమాను, తాడు లాగాను. దగ్గింది. మళ్ళీ లాగాను. భళ్ళున లేచింది.

అమ్మ తల ఇటు తిరిగింది. భుజాలు కిందికి దిగాయి. బస్సు కదిలాక టికెట్ల సంచీ సర్దుకున్నట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ చప్పుడు వైపు తిన్నగా నడుచుకుంటూ వచ్చేసింది. నా దగ్గరికి వచ్చి, మిషను పిడి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నేను కడ్డీ వదిలాను.

మా ఆయన గంతులేస్తూ వచ్చారు. "చూశావా తమ్ముడూ! నడుచుకుంటూ నా బండి దగ్గరికే వచ్చారు! ఇంతకంటే తీర్పేం కావాలి? అత్తయ్యగారూ, ఎందుకు నచ్చిందో చెప్పండి, వీడు కూడా వింటాడు."

"వినబడుతోంది కాబట్టి," అంది అమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. అమ్మ ఎంత చమత్కారం మనిషో అని మరిది కూడా నవ్వాడు, మూతి ముడుచుకునే.

ఆ తర్వాత నా బతుకు చూడాలి. రోజూ టీ వేళకి ఆ ఎర్ర పీనుగని ఈడ్చుకుంటూ చెల్లెలి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి తాడు లాగాలి. అమ్మ చప్పుడు పట్టుకుని వచ్చేస్తుంది. టీ తాగేలోపు దాన్ని మళ్ళీ మా గుమ్మానికి ఈడ్చుకొచ్చి తాడు లాగాలి. "ఏంటే అక్కా రోజూ?" అంటే "ఇంజిన్ బిగుసుకుపోకుండా" అన్నాను. మా ఆయన విని, "నిజమే, రోజూ కాసేపు తిప్పాలి. నీకూ ఇంజిన్ రుచి తెలిసింది" అని నా భుజం తట్టారు. పట్టీని మళ్ళీ పెరగనిద్దామంటే ఇద్దరూ ఒంటికాలి మీద లేచారు. అందం పాడవుతుందట. కరెంటు మిషను అమ్మేస్తానన్న మరిది దాన్ని అమ్మకుండా దాచుకున్నాడు. అందువల్ల ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ పోటీలు పడి నడిమిని నున్నగా గొరిగేవాళ్ళు. ఇన్నేళ్ళూ కన్నెత్తి చూడని గడ్డి మీద ఇంత ప్రేమ!

"బస్సు కోసం నేను ఆగాలి కానీ, నా కోసం నువ్వు హారన్ కొడుతూ ఎన్నాళ్ళు నిలబడతావే?" అంది అమ్మ ఒక రోజు. నా అరచేతుల్లో తాడు కోసుకున్న గాట్లని వేలితో తడిమి చూసింది. నేను చెయ్యి లాక్కున్నాను.

తర్వాతి ఆదివారం చెల్లెలి ఇంట్లో భోజనం. మరిది ఒక రంగుల కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, మనకి గొడవే వద్దు. పెట్రోలూ వద్దు, తీగా వద్దు. ఇది రోబో మిషను. బ్యాటరీది. దానంతటదే తిరుగుతుంది, దానంతటదే వెళ్ళి చార్జింగ్ పెట్టుకుంటుంది. రోజంతా కోస్తూనే ఉంటుంది. గడ్డిని వేలెడు కూడా పెరగనివ్వదు. చప్పుడన్న మాటే లేదు, పక్కన నుంచి పోయినా తెలియదు."

మా ఆయన కాగితం తిప్పి తిప్పి చూశారు. తను ఓడిపోకుండా తమ్ముడు గెలవకుండా ఉండే మార్గం కనబడేసరికి ఎక్కడలేని విశాల హృదయం పుట్టుకొచ్చింది. "బాగానే ఉందయ్యా. మన రెండూ అమ్మేసి ఇది తెద్దాం," అన్నారు. ఇన్ని వారాల్లో ఇద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు. అదీ దీని మీద.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టు, గిట్టు ఏమీ గుర్తులేదు. "మీ ఇద్దరికీ బుద్ధి..." అని లేవబోయాను. బల్ల కింద అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా అదిమింది. కూర్చున్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"చిన్నల్లుడుగారూ, ఈ జోడు మీ దుకాణంలో వెనక్కి తీసుకుంటారా?"

"అదేంటత్తయ్యా? పవర్ మార్చాలా? ఫ్రేము గుచ్చుకుంటోందా?"

"ఫ్రేము బంగారంలా ఉంది నాయనా. నాకే కళ్ళు కనపడవు."

అమ్మ తన గొంతు ఏమీ మార్చకుండా అంతా చెప్పింది. డాక్టరు ఏమన్నాడో, ఎప్పట్నుంచో, పట్టీ ఎందుకో, ఆ ఆదివారం గడ్డి మధ్యలో తను ఎందుకు నిలబడిపోయిందో, పెట్రోలు మిషను ఎందుకు నచ్చిందో. మరిది ఆ జోడు చేతిలోకి తీసుకుని, అద్దాల్లోంచి ఇటు చూశాడు, అటు చూశాడు, తప్పు అద్దాలదేమో అన్నట్టు. జీవితంలో మొదటిసారి మా ఆయన కాలికి బ్రేకు దొరకలేదు.

చెల్లెలు భోరుమంది. "నాకెందుకు చెప్పలేదే? పడితే? తుంటి విరిగితే? రేపే ముందు గది ఖాళీ చేయిస్తా..."

అంతలో అల్లుళ్ళిద్దరికీ ఒకేసారి భక్తి ముంచుకొచ్చింది. ఇటు నుంచి ఒకరూ అటు నుంచి ఒకరూ లేచి అమ్మ చెరో రెక్కా పట్టుకున్నారు. "ఇకమీదట సాయంత్రాలు నేను తీసుకెళ్తానత్తయ్యా" అని ఈయన. "మీకు స్కూలుంటుంది అన్నయ్యా, నేను తీసుకెళ్తా" అని అతను. ఇక దీని మీద పోటీ! ఎవరి చెయ్యి మెత్తనో తేల్చమని అమ్మనే అడిగేలా ఉన్నారు.

"వదలండి!" అంది అమ్మ.

అది కండక్టరు గొంతు. నా చిన్నప్పుడు కిక్కిరిసిన బస్సులో ఆ గొంతు వినబడితే మనుషులు సీట్లకి అతుక్కుపోయి దారిచ్చేవాళ్ళు. ఇద్దరూ చేతులు తీసేశారు.

"నాకు చేతులు వద్దు. నా గడ్డి నాకు వదిలెయ్యండి."

"పడితే అమ్మా?" అంది చెల్లెలు మళ్ళీ, చిన్నపిల్లలా.

"పడితే లేపుతావు. ఊళ్ళో వాళ్ళ అమ్మలందర్నీ లేపుతున్నావుగా," అంది అమ్మ. చెయ్యి చాచి దాని తల వెతుక్కుని నిమిరింది. "మంచంలో పడుకోబెట్టి మాత్రం చంపకే."

చెల్లెలు చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆ రంగుల కాగితాన్ని తనే ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసింది.

పట్టీ మళ్ళీ పెరగడానికి వానాకాలం దాకా పట్టింది. అంతవరకూ తాడు లాగే పని మా ఆయన తీసుకున్నారు. గొప్పగా చెప్పుకోవాల్సినదేం లేదు, ఇప్పటికీ మొదటిసారి గుండీ మరిచిపోతారు. ఇప్పుడు గడ్డి మోకాటి కిందదాకా వచ్చింది. అల్లుళ్ళిద్దరూ ఆదివారాలు దానికి చెరో పక్కా నిలబడి, దగ్గరగా కోసినందువల్ల పెట్రోలు వైపు గడ్డి గుబురుగా వచ్చిందని ఒకరూ, పొగ తగలనందువల్ల కరెంటు వైపు పచ్చగా వచ్చిందని ఒకరూ వాదించుకుంటారు. మారతారని మీరు అనుకున్నారేమో, నేను అనుకోలేదు.

నిన్న సాయంత్రం కూడా అదే వాదన. అమ్మ చెప్పులు విడిచి మెట్టు దిగింది. జోడు పెట్టుకోలేదు. ఎడమ కాలికి గడ్డి రాసుకుంటూ, తల ఎత్తి, వాళ్ళ దగ్గరిదాకా నడిచింది.

"జరగండి, జరగండి. దారివ్వండి," అంది.

ఇద్దరూ నోళ్ళు మూసుకుని వెనక్కి జరిగారు. అటు గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. అమ్మ వేసే ఒక్కో అడుగుకీ దాని చేతులు ముందుకి రాబోతున్నాయి. రాకుండా వాటిని వెనక్కి కట్టుకుని, అమ్మ మెట్టు ఎక్కేదాకా అలాగే నిలబడింది.